మా అమ్మ ముట్టుకోని మిక్సీ

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే వంటింట్లోంచి కాలిన వార్నిషు వాసన వచ్చింది. మోటారులో రాగి తీగ కాలితే వచ్చే ఆ వాసనను నేను నిద్రలో ఉన్నా గుర్తుపడతాను, పాతికేళ్ళ పైచిలుకు దాన్ని పీల్చుకునే బతికాను కాబట్టి. మా ఆవిడ పచ్చడి తిప్పుతుంటే మిక్సీ కాలిపోయిందట. నేను స్క్రూడ్రైవరు కోసం వెతుక్కుంటుంటే మా కోడలు నా వణికే చేతుల వంక ఒకసారి చూసి, కంపెనీకి ఫోను చేసింది. వచ్చిన మనిషి అడుగు మూత కూడా విప్పలేదు. వీటికి రిపేర్లుండవండీ, కొత్తది తీసుకోండి అని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. అప్పుడు మా ఆవిడ, అటక మీద కొత్తది అలాగే ఉంది కదా, దించుకుందామా అని నోరు జారి, వెంటనే నాలిక కరుచుకుంది.

ఆ అటక మీది మిక్సీ సంగతి చెప్పాలంటే ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. నా ఈడువాళ్ళలో తొలి సంపాదనతో తల్లికి చీర కొన్నవాళ్ళున్నారు, కళ్ళజోడు కొన్నవాళ్ళున్నారు. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో కారం దంచి మమ్మల్ని పెంచిన మా అమ్మకు నేను మిక్సీ కొన్నాను. కొని, సంతోషిస్తుందని ఎదురు కూర్చున్నాను కూడా.

మాది ప్రత్తిపాడు. మిరప కోతలయి, కల్లాల్లో పరిచిన కాయ గలగలలాడేలా ఎండే రోజుల్లో ఊళ్ళో ప్రతి సంసారమూ ఏడాదికి సరిపడా కారం కొట్టించుకునేది. కారం మర లేకపోలేదు గానీ, మరలో ముందువాళ్ళ కాయ మన కాయలో కలుస్తుందనీ, ఆ వేడికి రంగు చచ్చిపోతుందనీ చాలామంది ఒప్పుకునేవాళ్ళు కాదు. వాళ్ళకు మా అమ్మా, పిన్నీ కావాలి. ఇద్దరూ ఎవరి రోకలి వాళ్ళు భుజాన వేసుకుని వెళ్ళి, పెరట్లో రోలు కడుక్కుని, ముక్కు మీదుగా పమిట బిగించుకుని, ఒకరి పోటు లేవగానే రెండోవాళ్ళ పోటు పడేలా పొద్దుగూకేదాకా దంచేవాళ్ళు. కాయ సగం నలిగాక ధనియాలు, మెంతులు, ఆ తరవాత వెల్లుల్లి, అంతా అయ్యాక పైన ఆముదం. ఆ ఆముదం ఎంత పొయ్యాలో, ఏ పోటు దగ్గర పొయ్యాలో మా అమ్మ చేతికే తెలుసునని పెద్దింటి అమ్మగారు పదిమందిలో అనేది. పెద్దింటి అమ్మగారంటే మా ఊరి పెద్దరైతు భార్య. ఆ ఇంట్లో మూడు రోజుల పని ఉండేది. ఆవిడ మెచ్చుకున్న ఆ ఒక్క మాటా అమ్మకు ఏడాదంతా సరిపోయేది.

కారం కొట్టే ఆ ఇరవై రోజులూ అమ్మ మమ్మల్ని ముట్టుకునేది కాదు. చేతులు మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె పట్టించినా ఆ మంట వదలదు. పిల్లల కళ్ళకు తగులుతుందని అన్నం గరిటెతో వడ్డించి, అల్లంత దూరంలో గోడకు ఆనుకుని కూర్చుని, ఎర్రబడ్డ చేతులు ఒళ్ళో పెట్టుకుని మేము తింటుంటే చూసేది. నా తల దువ్వే పని అక్కకు పడేది, అక్క చేతిలో నా నెత్తిన నాగలి నడిచేది. అమ్మ చేతులు ఎప్పుడు చల్లబడతాయా అని మేము రోజులు లెక్కపెట్టుకునేవాళ్ళం.

నేను ఇంటర్మీడియట్‌తో రెండేళ్ళు పోరాడి ఓడిపోయి, గుంటూరులో మోటార్ల వైండింగు నేర్చుకుని వచ్చి, బస్టాండు పక్కన చిన్న బంకు పెట్టుకున్నాను. ఎనభై మూడో, నాలుగో అయి ఉంటుంది. వైండింగు అంటే ఏమీ లేదు, కాలిన మోటారుకు రాగి తీగ మళ్ళీ చుట్టడమే. మా తాతా పొగాకు చుట్టలు చుట్టేవాడు, కాకపోతే ఆయన చుట్టాక కాలేవి, నేను కాలాక చుట్టేవాణ్ణి. మొదట్లో పొలం మోటార్లూ, ఫ్యానులూ వచ్చేవి. ఆ వెనకే మిక్సీలు రావడం మొదలైంది.

మిక్సీలు ఊళ్ళోకి దిగినప్పుడు అవి చట్నీలకూ, దోసెల పిండికీ అనుకున్నాం. ఏడాది తిరిగేసరికి చిన్న సంసారాలవాళ్ళు కారం కూడా అందులోనే పట్టుకోవడం మొదలుపెట్టారు. పట్టుకుంటే పట్టుకున్నారు, రోట్లో చేసినట్టే చేసేవాళ్ళు. గిన్నె నిండా ఎండుమిరపకాయలు కుక్కి, అది తిరుగుతుండగా పైనుంచి ఆముదం పోసేవాళ్ళు. ఇలాంటి పని మా గుంటూరు జిల్లావాళ్ళు తప్ప ఎవరూ చెయ్యరు. ఆ నూనె కారాన్ని వెంటబెట్టుకుని గిన్నె అడుగునుంచి మెల్లగా మోటారులోకి దిగి, అక్కడ వేగి, కాయిల్‌ను కాల్చి నా దగ్గరికి పంపేది. మూత విప్పితే చాలు, పది తుమ్ములు. సైకిలు ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరించి, మోటారు ఇరుసుకు తొడిగి, నూనె లోపలికి దిగకుండా పక్కకు జారిపోయే ఉపాయం కనిపెట్టాను. దాన్ని గొడుగు అనేవాణ్ణి. గొడుగు వేసిన మిక్సీ మళ్ళీ కాలేది కాదు. అది నేను జీవితంలో కనిపెట్టిన ఒకే ఒక వస్తువు.

నా మొద్దుతనం చూడండి. మెంతీ, వెల్లుల్లీ, ఆముదమూ కలిసిన ఆ వాసనను రోజుల తరబడి పీలుస్తూ, తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ కూడా, అది మా అమ్మ కారం వాసనేననీ, నా దగ్గరికి వస్తున్న మిక్సీలన్నీ అమ్మను ఈ ఏడు రావద్దులే అన్న ఇళ్ళవేననీ నాకు తట్టలేదు.

ఆ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం నాడు మిక్సీ పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాను. నా అహంకారం ఒక పాలు, అమ్మ మీద మమకారం రెండు పాళ్ళు. మా జిల్లాలో దేంట్లోనైనా కారం తప్పదు కదా. అమ్మ కోసమని ముందే దానికి గొడుగు కూడా తొడిగాను. పిన్ని నాకంటే సంబరపడిపోయింది.

"అక్కా, ఇంక నీ కొడుకు నిన్ను కాలు కింద పెట్టనియ్యడే!"

నేను మీట ఎక్కడ నొక్కాలో, మూత ఎలా పట్టుకోవాలో చూపించి, రోట్లో పూటంతా దంచే కారం ఇందులో గిన్నెకు ఒక నిమిషమేనని గొప్పగా చెప్పాను.

"ఒక్క నిమిషమేనా?" అంది అమ్మ.

"అంతేనమ్మా."

"మరి మిగతా పొద్దంతా నేనేం చెయ్యాలిరా?"

అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. అమ్మ దాన్ని అలమర పై అరలో పెట్టమని చెప్పి, గోడకు ఆనుకుని కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని దాని వంక చూస్తూ ఉండిపోయింది. కారం రోజుల్లో మమ్మల్ని ముట్టుకోకుండా చూసేదే, అలా. మట్టలాదివారం నాటికి ఏ ఏడైనా ఆ చేతులు కందిపోయి ఉండాలి. ఆ ఏడు అవి చల్లగా, మామూలుగా ఉన్నాయి. నేను మీట చూపించడంలో మునిగి చేతులు చూడలేదు.

ఆ తరవాతి వారం పెద్దింటి పాలేరు ఒక మిక్సీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొత్తది, కొన్నాక మొదటిసారి కారం పట్టారట. మూత విప్పాను. మెంతి, వెల్లుల్లి, ఆముదం. ఆముదం మాత్రం అమ్మ పోసే దానికి రెండింతలుంది. స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను. బంకు మూసి తిన్నగా పిన్ని దగ్గరికి వెళ్ళి, పెద్దింట్లో ఈ ఏడు పిలవలేదా అని అడిగాను.

"పిలవలేదురా. మిషను కొనుక్కున్నారంట. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది మీ అమ్మ."

"ఎందుకని?"

"ఆ మిషన్లు బాగుచేసేగా నువ్వు బతికేది! మనం ఏడిస్తే వాడి పనికి అచ్చిరాదంది."

తిరిగొచ్చి ఆ మిక్సీకి రాగి తీగ చుట్టాను. ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ, లెక్క తప్పి, మళ్ళీ మొదటినుంచి చుట్టాను. కళ్ళు కారుతుంటే బంకు ముందు నిలబడ్డవాళ్ళు కారం ఘాటనుకుని జాలిపడి సోడా తెప్పించారు. సొరుగు లాగితే కత్తిరించి పెట్టుకున్న గొడుగులు పదో పన్నెండో ఉన్నాయి. ఒకటి తీశాను. మళ్ళీ సొరుగులో పడేసి, మిక్సీకి మూత బిగించి పంపించేశాను. పరాయి ఇంట్లో దంచినా ఆఖరి గింజ నలిగేదాకా రోకలి దించకూడదని నేర్పిన మనిషి కొడుకుని. చేతనయీ పని సగంలో వదిలింది అంతకుముందు లేదు, ఆ తరవాతా లేదు.

ఆ ఏటికి అది ఎలాగో గట్టెక్కింది. మరుసటి ఏడు వేసవిలో పెద్దింట్లో తొడిమలు తీసి, ఎండబెట్టి రాశి పోసిన కాయ ఉండగా, రెండో గిన్నెకే మిక్సీ కాలిపోయింది. పాలేరు పరుగున తెచ్చాడు. గుంటూరు నుంచి తీగ రావాలి, పది రోజులు పడుతుందన్నాను. తీగ కండె నా తల వెనకే మేకుకు వేలాడుతోంది. పాలేరు దాన్ని చూశాడో లేదో నాకు తెలియదు. ఆ సాయంత్రమే మా ఇంటి ముందుకు వచ్చి, అమ్మగారు రేపు పొద్దున్నే రమ్మన్నారని అమ్మకు చెప్పి వెళ్ళాడు.

అమ్మ రోకలి కడిగి, దాని కొసనున్న ఇనప పొన్ను బిగువుగా ఉందో లేదో గోటితో మీటి చూసుకుంది. అప్పటికే ఆయాసం ఉంది. పిన్ని వద్దక్కా అన్నా వినలేదు. మూడు రోజులూ వెళ్ళింది. మూడో రోజు సాయంత్రం ఎర్రటి కళ్ళతో, ఎర్రటి చేతులతో వచ్చి, నాకు గరిటెతో అన్నం వడ్డించి దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంది. నాకప్పటికి పాతికేళ్ళు.

"ఎంతైనా మిషను కారం మిషను కారమేనని, రోటి కారం కాదని అమ్మగారు అందరి ముందూ అంది తెలుసా?" అంది.

తెలియదన్నాను.

ఆ వానాకాలంలోనే అమ్మ పోయింది. ఊపిరితిత్తుల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న కారం దుమ్మని డాక్టరు అన్నాడు. ఏళ్ళ తరబడి అన్న మాటను నేను ఎన్నిసార్లు గట్టిగా పట్టుకున్నానో మీకు చెప్పలేను. అయినా ఆ చివరి మూడు రోజుల ఘాటు అందులో ఎంతో, నేను సొరుగులో పడేసిన గొడుగు వాటా ఎంతో తేల్చగల డాక్టరు ఎవరూ లేరు. సమాధుల తోట నుంచి వచ్చాక అలమరలోని మిక్సీ దించి చూశాను. గిన్నెకు ఒక్క మరకైనా అంటలేదు. పెట్టెతో సహా దాన్ని అటక ఎక్కించేశాను.

ఇప్పుడు ఊళ్ళో రోళ్ళు లేవు. ఉన్నవి పెరటి మూలల్లో వాననీళ్ళు పట్టుకుని పిచ్చుకలకు పనికొస్తున్నాయి. నా బంకు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. కారం ప్లాస్టిక్ సంచుల్లో వస్తుంది, తుమ్మే పనే లేదు. వస్తువు పాడైతే ఎక్కడ పాడైందని అడిగేవాళ్ళూ లేరు, మూత విప్పకుండానే మార్చేస్తారు. మొన్న వచ్చిన కంపెనీ మనిషి మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ, అతనిదేముంది, నాకంటే మర్యాదగానే చెప్పాడు.

ఇక మిగిలింది నేను తీర్చుకున్న ప్రతీకారం. అంత పెద్ద మాట దానికి ఎక్కువే, అందులోనూ కారం చిటికెడే. అమ్మ పోయిన మరుసటి ఏడు కాయ ఎండకముందే పెద్దింటి మిక్సీ తెప్పించుకుని, విప్పి, శుభ్రం చేసి, సొరుగులోని గొడుగు దానికి తొడిగాను. ఇరుసుకు మంచి బుష్షులు వేశాను. అంత శ్రద్ధగా నేను ఏ మిషనూ చెయ్యలేదు. ఆ వేసవంతా అది కాలలేదు, కనీసం వేడెక్కలేదు.

ఒకరోజు పొద్దున్నే పెద్దింటి అమ్మగారు తానే రిక్షాలో వచ్చి నా బంకు ముందు దిగింది. ఆవిడ బంకుకు రావడం అదే మొదలు. వెనకే పాలేరు మిక్సీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏరా అబ్బాయ్, దీంట్లో ఏదో లోపం ఉందిరా. అవే కాయలు, అవే మెంతులు. అయినా మీ అమ్మ కొట్టిన కారం వాసన రావట్లేదు. కాస్త బాగుచేసి పెట్టు."

ఆవిడకు స్టూలు వేసి కూర్చోబెట్టాను. ఆవిడ చూస్తుండగా మూత విప్పి, ఒక్కొక్క భాగమూ గుడ్డతో తుడిచి, ఆవిడ ముందు వరసగా పెట్టాను. కాయిల్ చూపించాను, గొడుగు చూపించాను, బ్లేడు వేలితో తిప్పి చూపించాను. మళ్ళీ అన్నీ బిగించి, మీట నొక్కాను. అది సన్నగా, హాయిగా తిరిగింది. ఆపేసి, ఆవిడ వైపు జరిపాను.

"మిషన్లో ఏ లోపమూ లేదండీ అమ్మగారూ," అన్నాను. "బాగుచెయ్యడానికి ఇందులో ఏమీ లేదు."