అర్బయా కొట్టిన హారన్

అర్బయా నడిపే డంపర్ టైరు ఒక్కటే ఆమెకు రెండింతల ఎత్తు. బండి ముందున్న ఇనుప మెట్లు పదిహేడు ఎక్కితే గానీ సీటు అందదు. పదకొండేళ్ళుగా ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉంది. బొగ్గు మీదున్న మట్టిని షావెల్ యంత్రం తోడి పోస్తే, విడతకు రెండు వందల టన్నులు మోసుకెళ్ళి గని ఉత్తరాన కుమ్మరించి రావడం ఆమె పని. అలా కుమ్మరించగా కుమ్మరించగా అక్కడొక గుట్ట లేచింది. దాని అడుగున వాళ్ళ నాన్న మిరియాల తోట ఉండేదని ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు.

కంపెనీ భూములు కొన్నప్పుడు ఊళ్ళో అందరూ అమ్మేశారు, ఆమె పెదనాన్న కుర్సానీ తప్ప. వాళ్ళ బంజార్ తెగలో పెదనాన్నను జులాక్ అంటారు. పిల్లాపీచూ లేని మనిషి. భార్య పోయాక ఆ రేకుల ఇల్లు, వెనకున్న నూటయాభై మిరియాల తీగలే ఆయన లోకం. ఎవరైనా అమ్మమని అడిగితే, "డబ్బు పాతిపెడితే మొలుస్తుందా?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు.

అర్బయాకు డంపర్ ఉద్యోగం వచ్చిన కొత్తలో ఓ సాయంత్రం పసుపన్నం, కొర్రమీను ఎర్రకూర గిన్నెలో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళింది.

"పొద్దున గుట్ట మీద ఇల్లొకటి లేచి నడుస్తోందనుకున్నానే! అది నువ్వేనా?" అన్నాడు కుర్సానీ.

"నేనే జులాక్."

"సైకిలు నేర్పితే కాలవలో పడ్డ పిల్లవి. నీ చేతికి దాన్నెవడిచ్చాడే?"

"ఇప్పుడు పడదామన్నా కాలవ లేదుగా."

"ఎలా ఉంటుంది, మీరు పూడ్చేశాక" అన్నాడాయన, కొర్రమీను ముల్లు తీస్తూ. ఇద్దరూ నవ్వుకున్నారు గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

గుట్ట ఏటికేడూ ఆయన ఇంటి వైపే జరిగింది. పోయిన ఎండాకాలం దాని అంచున వేలు పట్టేంత బీట కనిపించింది. నెల తిరిగేసరికి అరచెయ్యి పట్టేంత అయింది. అర్బయా షిఫ్టు సూపర్వైజరు త్రిస్నోకు చెప్పింది. జావా కుర్రాడు, మర్యాదస్తుడు.

"రాసి పంపించాను అక్కా. ఇంజినీర్లు వచ్చి చూస్తారు."

వచ్చి చూశారు. బీట పొడుగునా కర్రలు పాతి, ఎర్ర రిబ్బన్లు కట్టి, మట్టిని ముప్ఫై మీటర్లు ఇవతలగా పొయ్యమని చెప్పి వెళ్ళారు.

"వానలు తగ్గేదాకా మా ఇంట్లో ఉండు జులాక్," అని బతిమాలింది అర్బయా.

"కాయ ఎర్రబడుతోంది. నేనటొస్తే పిట్టలు ఊరుకుంటాయా?"

"గుట్ట పగిలింది. నా కళ్ళతో చూశాను."

"పోసింది నువ్వేగా అమ్మాయ్. గట్టిగానే పోసుంటావులే."



నవంబరులో ఓ మంగళవారం, పొద్దున పదింటికి వాన దంచి కొట్టింది. బళ్ళన్నీ ఎక్కడివక్కడే ఆపమని రేడియోలో ఆర్డరు వచ్చింది. తడిసిన బంకమట్టి మీద అంత బండి జారిందంటే ఇక ఎవరి తరమూ కాదు. ఆగమన్నాక అంగుళం కదిల్చినా ఉద్యోగం ఊడుతుంది. అర్బయా అప్పటికి గుట్ట మీద, నిండు లోడుతో ఉంది. బ్రేకు వేసి కూర్చుంది. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. దూరాన దిగువలో జులాక్ ఇంటి రేకులు మసగ్గా కనిపిస్తున్నాయి.

ముందు రిబ్బన్లు వంగాయి. గాలికేమో అనుకుంది. తర్వాత కర్రలు కూడా వంగాయి. ఆ వెంటనే గుట్ట అంచు, గిన్నెలోంచి గంజి పొర్లినట్టు, నిమ్మళంగా కిందికి దిగడం మొదలుపెట్టింది.

"కంట్రోల్! బండి నంబరు నాలుగు వందల పదిహేడు. ఉత్తరపు గుట్ట జారుతోంది. కింద ఇల్లుంది. మనిషున్నాడు!"

"నాలుగు వందల పదిహేడు, బండి కదల్చకండి. దిగకండి. రెస్క్యూ వాళ్ళకు చెబుతున్నాం."

"ఎంతసేపట్లో వస్తారు?"

రేడియో కాసేపు గరగరలాడింది. "వాళ్ళ బండీ ఆగిపోయింది. వాన తగ్గాలి."

ఫోన్లు షిఫ్టు మొదట్లోనే లాకర్లో పెట్టించుకుంటారు. ఆమెకు మిగిలింది హారన్ ఒక్కటే. రెండు చేతులతో దాన్ని నొక్కిపట్టింది. ముందుకు కదిలితే రెండు, వెనక్కొస్తే మూడు హారన్ల చొప్పున ఊరివాళ్ళు పగలూ రాత్రీ వింటున్న మోతే అది. దానికి తలెత్తి చూడటం ఎప్పుడో మానేశారు.

కుర్సానీ మాత్రం బయటికొచ్చాడు. నెత్తిన లుంగీ గుడ్డ కప్పుకుని, తలెత్తి, వానలో ఆ పెద్ద పసుపు బండిని చూశాడు. అర్బయా అద్దం దించి, నడుం దాకా బయటికి వంగి, పొమ్మని, పారిపొమ్మని చెయ్యి ఊపింది. గొంతు చీలేలా అరిచింది. అంత దూరాన, అంత వానలో ఆయనకేం వినిపిస్తుంది? తమ్ముడి కూతురు పలకరిస్తోందనుకున్నాడు. ఆయనా చెయ్యెత్తి ఊపాడు. తడిసిపోతున్నానన్నట్టు లుంగీ గుడ్డ సవరించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

బురద పరుగెత్తలేదు. మనిషి నడిచినంత వేగంతోనే వచ్చింది. మిరియాల తీగలు పాకించిన గుంజలు ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి. రేకుల కప్పు కాసేపు పైకి తేలి, వాలి, కనిపించకుండా పోయింది. వెనక రెండు వందల టన్నుల మట్టితో, కాళ్ళ కింద మూడు వేల గుర్రాల ఇంజిను తిరుగుతుండగా, అర్బయా రెండు గంటలపాటు అక్కడే కూర్చుంది.

మూడో రోజున దొరికాడు. బంధువులు స్నానం చేయించి ఖననం చేశారు. ఏడో రోజున ఖురాన్‌లోని యాసీన్ అధ్యాయం చదివించారు.

తర్వాత విచారణకు పిలిచారు. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు.

"హారన్ ఎన్నిసార్లు కొట్టారు?"

"మధ్యలో వదల్లేదు సార్."

"అంతసేపు కొట్టే హారన్ మన రూల్సులో లేదు కదా?"

"లేదు."

"మరి కిందున్న మనిషికి ఎలా అర్థమవుతుందనుకున్నారు?"

వాళ్ళు కారణం 'అతివృష్టి' అని రాశారు. సంతకం పెట్టమన్నచోట పెట్టింది.

పదిహేను రోజులు ఇంట్లో కూర్చుంది. వంట చేస్తే ఉప్పు మరిచేది. తోటలన్నీ పోయిన ఆ ఊళ్ళో వేరే పనేదీ లేదు. పదహారో రోజు యూనిఫారం వేసుకుని వెళ్ళింది. త్రిస్నో ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"ఆరో నంబరు షావెల్ అక్కా. జారిన మట్టి తియ్యాలి."

"నాకు వేరే చోటు ఇవ్వలేవా?"

"మూడుసార్లు అడిగాను. ఏ బండి ఎక్కడికన్నది కంప్యూటరే పంచుతోంది. నా చేతుల్లో లేదు అక్కా."

ఆమె మెట్లెక్కింది. ఆరో నంబరు నడిపేది తొరాజా తెగ మనిషి లెంబాంగ్. రెండో రోజు మధ్యాహ్నం అతని షావెల్ బకెట్టు గాలిలోనే ఆగిపోయింది. బురదలోంచి గుంజొకటి పొడుచుకొచ్చి ఉంది. దానికి చుట్టుకున్న మిరియాల తీగ ఎండిపోయింది.

"అక్కా, కాసేపు ఆగనా?" అని రేడియోలో మెల్లగా అడిగాడు.

ఆమె అద్దంలో చూసింది. వెనక మూడు బళ్ళు వరసలో నిలబడి ఉన్నాయి. ఆపి ఏం చెయ్యాలో, దాన్నెక్కడ దాచాలో తోచలేదు.

"పోసెయ్ లెంబాంగ్."

ఆ మట్టిని తీసుకుని పడమటి వైపు కొత్తగా మొదలుపెట్టిన చోటుకు వెళ్ళింది. అక్కడ నేల మీద నిలబడి బండిని వెనక్కి పిలిచే మనిషి చెయ్యి ఊపుతున్నాడు. అర్బయా అంచు దాకా వెనక్కి పోనిచ్చి ఆపింది.

"ఈ అంచు కింద ఎవరైనా ఉంటున్నారా?" అని రేడియోలో అడిగింది.

"తెలీదు అక్కా. నాకు మీ వెనక చక్రం దాకానే కనిపిస్తుంది."

ఆమె కాసేపు తొట్టి ఎత్తే లివరు మీద చెయ్యి ఉంచి కూర్చుంది. కంట్రోలు నుంచి తన నంబరు రెండుసార్లు పిలిచారు. లివరు లాగింది. తొట్టి మెల్లగా పైకి లేచింది.