తలుపులు ఆరేదాకా

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన రేపు మేస్త్రి. వడ్రంగంలో వేలెత్తి చూపడానికి లేదు. చెక్కని అరచేత్తో ఒకసారి తడిమి, అది ఏ పక్కకి వంగుతుందో చెప్పగలడు. ఇబ్బందంతా క్యాలెండరుతోనే. ఏ పని చెప్పినా "అలాగే, రేపొచ్చి చూస్తా" అంటాడు, ఆ రేపు మాత్రం రాదు. కుర్చీ కాలు విరిగిందన్నవాళ్ళు విసిగిపోయి కొత్త కుర్చీ కొనుక్కున్న ఆరు నెలలకి వెళ్ళి "ఏదీ ఆ కాలు?" అని అడిగిన ఘనుడు. అలాగని ఆయన్ని ఎవరూ దూరం పెట్టలేదు. మనిషి వెన్న. ఎవరికీ కాదని చెప్పలేడు. ఒప్పుకున్నవన్నీ చేయడానికి రోజు చాలదు. అరవై ఏళ్ళు వచ్చినా ఈ లెక్క ఆయనకి తెగలేదు.

అలా మిగిలిపోయిన పనుల్లో టీచరమ్మ పుస్తకాల బీరువా ఒకటి. ఎదురింటి టీచరమ్మకి ఇద్దరు చిన్న ఆడపిల్లలు. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. బీరువా కోసం ఆవిడ మంచి టేకు చెక్కలు కొని పదకొండు నెలలైంది. "ఎదురుగా కనిపిస్తుంటే ఒళ్ళు మండుతోంది బాబాయ్" అని ఒకరోజు వాటిని అటక మీదకి ఎక్కించేసింది.

ఆ ఏడు ఏటిగట్టు తెగి వీధిలోకి నీళ్ళొచ్చాయి. అప్పటికి పక్కింటి టైలరు తల్లి కాలు విరిగి మంచంలో ఉంది. ఆ ఒక్కరోజు మాత్రం మేస్త్రి రేపు అనలేదు. తన ఇంటి వీధి తలుపుని బందుల నుంచి ఊడదీసి, పెద్దావిణ్ణి దాని మీద పడుకోబెట్టి, ఇంకో ముగ్గురితో కలిసి భుజాలకెత్తుకుని మెరక మీదున్న బడికి చేర్చాడు. మరెవరికైనా పనికొస్తుందని ఆ తలుపుతో తిరిగి వస్తుంటే, ప్రవాహం దాన్ని చేతుల్లోంచి లాక్కుపోయింది.

నడుము లోతు నీళ్ళు మూడు రోజులు నిలిచాయి. నీళ్ళు తగ్గి, అందరూ కలిసి ఇల్లిల్లూ బురద ఎత్తిపోసుకున్నాక ఇంకో తిప్పలు బయటపడింది. ఏ ఇంటి తలుపూ పట్టడం లేదు. నీళ్ళు తాగి ఉబ్బిపోయాయి. కొన్ని తెరుచుకోవు, కొన్ని మూసుకోవు. ఇరవై రెండు ఇళ్ళు, అన్నింటికీ ఒకే చేతి తలుపులు. ఆ చెయ్యి మేస్త్రి తండ్రిది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గుర్తుగా కొడుకుకి మిగిలినవి ఒక చిత్రిక, ఆ వీధి తలుపులు, అంతే.

అందరూ మేస్త్రి దగ్గరికే వచ్చారు. "కాస్త చిత్రిక పట్టి సర్దెయ్" అన్నారు.

మేస్త్రి నాలుగు తలుపులు తడిమి చూశాడు. "ఇప్పుడు చిత్రిక ముట్టించకూడదు. తడి మీద చెక్కితే ఇవాళ పడుతుంది. ఆరాక కుంచించుకుపోయి సందులొస్తాయి. ఊడదీసి నీడలో ఆరబెట్టాలి. నెల పడుతుంది" అన్నాడు.

ఆ వీధి బస్సు కండక్టరు మొదలెట్టాడు. "ఇన్నాళ్ళూ రేపు అనేవాడు. వరదొచ్చాక నెలకి పెంచాడు" అన్నాడు. అంతా నవ్వారు. నాన్నా పులి కథ అందరికీ తెలిసిందే. ఈసారి పులి నిజంగానే వచ్చిందని మేస్త్రి ఎలా నమ్మించగలడు? నవ్వినందుకు కాదు గానీ, వాళ్ళ నవ్వులో న్యాయం ఉన్నందుకు ఆయనకి సిగ్గేసింది. నాన్న తలుపులన్నీ తన నోటి చలవ వల్ల పాడైపోతాయేమో అని భయం కూడా వేసింది.

కండక్టరు మర్నాడే ఎక్కడినుంచో ఒక వడ్రంగిని తెచ్చి తన తలుపు చెక్కించుకున్నాడు. తలుపు దర్జాగా పట్టింది. అది చూసి టీచరమ్మ ఆ వడ్రంగిని తన ఇంటికి పిలిచింది. అతను చిత్రిక బయటికి తీస్తుండగా మేస్త్రి వీధి దాటి వచ్చాడు.

"అమ్మా, ఆగు. ఒక్క నెల."

"పదకొండు నెలలు ఆగాను బాబాయ్. అది పుస్తకాల సంగతి, పోనీలే అనుకున్నాను. ఇది తలుపు. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని తలుపు లేని ఇంట్లో ఎలా పడుకోను? పట్టినా పట్టకపోయినా ఇప్పుడు అదొకటి అడ్డం ఉంది. నువ్వు దాన్ని కూడా ఊడదీసుకుపోతానంటున్నావు."

ఆవిడన్న దాంట్లో తప్పేముంది? మేస్త్రి ఆ తలుపుని అరచేత్తో ఒకసారి తడిమాడు. తర్వాత గబగబా ఇంటికెళ్ళి చాప, దిండు తెచ్చి ఆవిడ గడప ముందు పరిచాడు.

"తలుపు ఆరేదాకా రాత్రిళ్ళు నేనిక్కడే పడుకుంటా. నన్ను దాటి పిల్లి కూడా లోపలికి రాదు."

"నెల రోజులా?"

"నెల రోజులు."

"మరి మీ ఇల్లో? మీకూ తలుపు లేదుగా."

"మా ఇంట్లో మీ పిన్ని ఉంది. ఆవిణ్ణి దాటి నేనే వెళ్ళలేను, దొంగెక్కడ వెళ్తాడు?"

టీచరమ్మకి ఎంత ఆపుకున్నా నవ్వాగలేదు. బయటి వడ్రంగి చిత్రిక సంచిలో పెట్టుకుని, "ఆయన చెప్పేది నిజమే లెండి" అని ఒక మాట పడేసి మరీ వెళ్ళాడు. ఆ ముక్క కండక్టరుకి చెప్పలేదేం అని అడిగితే ఏమనేవాడో.

తర్వాత టైలరు వచ్చాడు. "మా అమ్మని మోసిన మనిషి మాట నేనే వినకపోతే ఎవరు వింటారు? మాదీ ఊడదీయ్" అన్నాడు. అలా ఒకరిని చూసి ఒకరు. కండక్టరుది తప్ప ఇరవై తలుపులూ వీధి చివర మూతపడిన ప్రింటింగ్ ప్రెస్సు షెడ్డుకి చేరాయి. తలుపుకీ తలుపుకీ మధ్య కర్రముక్కలు, అన్నిటి మీదా ఇటుకల బరువు. మేస్త్రి పొద్దునోసారి, సాయంత్రమోసారి వెళ్ళి వాటిని తిరగేసేవాడు. ఒక్క పూట తప్పలేదు. మగవాళ్ళు వంతులు వేసుకుని గడపల్లో పడుకున్నారు. మేస్త్రి గురకకి నాలుగిళ్ళ అవతలి దాకా కాపలా అక్కర్లేదని తేలింది.

తలుపులు లేకపోయేసరికి వీధంతా ఒకే కొంప అయి కూర్చుంది. ఎవరింట్లో ఏ కూర మాడిందో అందరికీ తెలిసేది. మొగుడూ పెళ్ళాలు గొంతు తగ్గించి పోట్లాడుకోవడం నేర్చుకున్నారు. టైలరు తల్లి మంచం మీద నుంచే ఎదురింటి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేది.

పన్నెండో రోజుకి కండక్టరు తలుపు ఆరింది. ఆరి, చెయ్యి పట్టేంత సందు ఇచ్చింది. అతను ఆ సందులోంచే "మేస్త్రిగారూ" అని పిలిచాడు. ఆ "గారు" అంతకు ముందు లేదు. ఎగతాళి చేయడానికి మంచి అవకాశమే గానీ మేస్త్రి వాడుకోలేదు. వెళ్ళి, ఒక బద్ద చెక్కి, సందులో ఒద్దిగ్గా అతికించి వచ్చాడు.

ఇరవయ్యారో రోజు పొద్దున మేస్త్రి షెడ్డులో ఒక్కో తలుపునీ వేలి కణుపుతో కొట్టి విన్నాడు. తడి చెక్క మూగగా పలుకుతుంది. ఆ పొద్దున అన్నీ టంగుమన్నాయి. ఆయన వీధిలోకొచ్చి, "ఇవాళే బిగిద్దాం" అన్నాడు. టైలరు తల్లి నమ్మలేక ఆ మాట రెండోసారి అనిపించుకుంది.

అయిదు రోజులు పట్టింది. టైలరు ఎత్తితే కండక్టరు పట్టుకునేవాడు. ఆడవాళ్ళు బందుల తుప్పు గీకి నూనె పట్టించారు. చిత్రిక పట్టాల్సిన పని రెండింటికో మూడింటికో వచ్చింది, మిగతావి వాటి చోట్లో అవే కూర్చున్నాయి. నాన్న కొలతలు అలాంటివి మరి. మొదట టీచరమ్మ ఇంటిది బిగించారు. ఆవిడ దాన్ని నాలుగుసార్లు తీసి, నాలుగుసార్లు వేసి, గడియ పెట్టుకుని లోపలే కాసేపు ఉండిపోయింది. బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అయిదో రోజు మధ్యాహ్నానికి వీధిలో తలుపు లేని ఇల్లు ఒక్కటే మిగిలింది. గుమ్మానికి దుప్పటి వేలాడుతోంది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అంది మేస్త్రి భార్య. "మన తలుపు ఎప్పుడు?"

"రేపు."

అసలు సంగతి వేరు. కలప అడితులన్నీ మునిగిపోయాయి. చుట్టుపక్కల ఎక్కడా ఎండిన చెక్క లేదు. ఆ మాట భార్యతో అనలేక రేపు అన్నాడు. ఆవిడకి అదీ తెలుసు, అందుకే రెట్టించలేదు.

అప్పుడే ఎదురింటి నుంచి టీచరమ్మ వచ్చింది. వెనక టైలరూ కండక్టరూ చెక్కలు మోసుకొస్తున్నారు. అటక మీది టేకు చెక్కలు. చుక్క నీరు తగల్లేదు. ఆ బీరువా వేళకి చేసేసి ఉంటే పుస్తకాలతో సహా అదీ నానిపోయేది.

మేస్త్రి పై చెక్క మీద అరచెయ్యి పెట్టాడు. పొడిగా, తిన్నగా ఉంది. "ఇవి నీ బీరువావి తల్లీ" అన్నాడు.

"బీరువా రేపు చేద్దువుగాని బాబాయ్" అంది టీచరమ్మ. "ముందు తలుపు చేసుకో."

మేస్త్రి భార్య పగలబడి నవ్వింది. ఆయన మాత్రం తల వంచుకుని తుండుతో మొహం తుడుచుకున్నాడు, ఆ తుడుచుకోవడం చాలాసేపు తెమల్లేదు. ఒకరి నోట రేపు అనే మాటని అవతలి వైపు నిలబడి వినడం ఆయనకి అదే మొదటిసారి.

మర్నాడు పాలు రాకముందే టీచరమ్మ తలుపు చప్పుడైంది. నోట్లో బ్రష్షుతోనే తీసింది. మేస్త్రి. చెవి మీద పెన్సిలు, చేతిలో టేపు. ఆయన వెనక, ఎదురింటి గుమ్మానికి ఇంకా దుప్పటే వేలాడుతోంది.

"ఏంటి బాబాయ్ ఇంత పొద్దున్నే?"

"నువ్వు రేపన్నావు కదమ్మా. బీరువాకి కొలతలు తీసుకుందామని వచ్చా."