మెర్ల్ పెద్దమ్మ సాక్ష్యం

మెర్ల్ పెద్దమ్మకు ఒక్కతే కూతురు. చిన్నప్పటి నుంచీ షుగరు జబ్బు. పేరు చెప్పను, పోయినవాళ్ల పేరు మా ఆదివాసుల్లో ఎత్తరు. తాగి రోడ్డు మీద గొడవ చేసిందని ఓ రోజు పోలీసులు పట్టుకుపోయారు. పెద్దమ్మ ఇన్సులిన్ తీసుకుని స్టేషన్‌కు పరిగెత్తింది. పిల్లకు సూది పడాలని రెండుసార్లు చెప్పింది. "రేపు రా" అన్నారు. మర్నాటికి పిల్ల లేదు.

నాలుగేళ్లకు గాని విచారణ మొదలవలేదు. జబ్బు సంగతి పోలీసులకు ముందే తెలుసా, తెలియదా? తేలాల్సింది అదొక్కటే. సాక్షి పెద్దమ్మ ఒక్కతే.

కోర్టు మెట్ల మీద నా కొత్త జోళ్లు చూసి, "ఏమే డెల్లా, కోర్టుకొచ్చావా, పెళ్లికా?" అని నవ్వింది. బోనెక్కాక ఆ నవ్వు పోయింది.

పోలీసుల వకీలు పైకి మహా మర్యాదస్తుడు.

"ఆ రోజు మీరు చాలా కంగారులో ఉన్నారు, కదమ్మా?"

"అవును."

"అన్నీ సరిగ్గా గుర్తుండకపోవచ్చు?"

"అవును."

"ఇన్సులిన్ సంగతి చెప్పడం మరిచిపోయి ఉండొచ్చు?"

పెద్దమ్మ నేల చూపులు చూసింది. "అవునండి."

తెల్లవాళ్లు మావాళ్లను కుక్కిపెట్టిన పాదిరీల మిషన్ శిబిరంలో పెరిగిన మనిషి ఆమె. అక్కడ దొర మాటకు కాదంటే పిల్లల్ని ఎత్తుకుపోయేవారు. అందుకే మా పెద్దవాళ్లు ఏ దొర ఏమడిగినా, అతను వదిలి వెళ్లేదాకా అవునంటూనే ఉంటారు. మా లాయరమ్మ లేచి ఈ మాటే చెప్పింది. జడ్జి ఏదో రాసుకున్నాడు.

కారెక్కాక అడిగాను. "చెప్పానన్నావు కదా పెద్దమ్మా, మరి అలా అన్నావేం?"

"చెప్పానే! ఆ స్టేషన్ కిటికీ అద్దం మీద కొట్టి మరీ చెప్పా."

"మరి?"

"ఆయన వదిలితేగా! అవునంటే ఆపుతాడు, ఇంటికి పోవచ్చనుకున్నా."

ఐదు నెలలకు తీర్పు వచ్చింది. పెద్దమ్మ రొట్టెకి పిండి పిసుకుతుంటే వంటింట్లో చదివి వినిపించాను. ఇన్సులిన్ సంగతి పోలీసులకు ఎవరైనా చెప్పినట్టు రుజువు కాలేదట. తల్లే స్వయంగా ఒప్పుకుందట. సకాలంలో తెలిసి ఉంటే ప్రాణం దక్కేదట.

ఆమె చేతులు ఆగిపోయాయి. "అయితే నా బిడ్డను నేనే చంపుకున్నానా?"

"కాదు పెద్దమ్మా, కాదు!" అని అరిచాను.

నన్ను నొప్పించడం ఇష్టంలేక, బోనులో వకీలుకు లాగే నాకూ "అవును" అని తల ఊపింది.