మిషన్ లేవన్నవి కంటికి కనిపించాయి

నాచారం మందుల కంపెనీలో పనిచేసే మా పక్కింటి నర్సింహ (పేరు మార్చాను, రాయమన్నది అతనే) పెళ్లయిన ఐదేళ్లకు ఈ రోజు మొదటిసారి వీర్యపరీక్ష చేయించుకున్నాడు. ఇన్నాళ్లూ దవాఖానాలు తిరిగింది భార్య సుజాత ఒక్కతే. పిల్లలు పుట్టకపోతే సూదులన్నీ ఆడదానికే గుచ్చే మన సమాజాన్ని దులిపేస్తూ ఓ పోస్టు రాద్దామని నేనూ ఏఎస్ రావు నగర్ ల్యాబుకు వెళ్లాను. సుజాతతో పాటు, కోడలిని పుట్టింటికి పంపేస్తానంటున్న నర్సింహ తల్లి కూడా వచ్చింది.

కంప్యూటర్ మిషన్ వీర్యకణాలు అసలు లేవంది.

"మిషన్ సున్నా అంటే నేను కంటితో చూడకుండా రిపోర్టు రాయను" అంది ల్యాబు డాక్టరమ్మ. శాంపిల్‌ను యంత్రంలో గిర్రున తిప్పి, అడుగున పేరుకున్నది మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు వెతికింది. నర్సింహ సరేనన్నాక మమ్మల్నీ పిలిచింది.

చూశాను. తోక ఆడిస్తూ ఒక్కటంటే ఒక్కటి ఈదుతోంది. కాసేపటికి ఇంకొకటి.

తల్లి కూడా చూసింది. "మనిషంటే గింతేనా డాక్టరమ్మా?"

"అంతేనమ్మా. తక్కువే ఉన్నాయి, కానీ దారి ఉంది. మీ కోడలి పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి."

ముసలమ్మ లేచి కుర్చీ ఖాళీ చేసింది. "సుజాతా, నిన్ను యాడికీ పంప. రా బిడ్డా, నువ్వు సూడు."

"ఐదేండ్లు అందరు నన్నే సూసిన్రు అత్తమ్మా. జరసేపు మీ కొడుకును సూడున్రి" అంది సుజాత. అన్నాక కూర్చుని, అందరికంటే ఎక్కువసేపు చూసింది.

మీ ఇంట్లో మొదటి పరీక్ష ఎవరికి జరిగింది? నిజం చెప్పండి.