ఇంటి వెనక మక్కసొప్ప చాటు

ఎనభై ఎనిమిదో సంవత్సరం, దసరా వెళ్లిన రెండో బుధవారం, పొద్దున ఎనిమిది గంటలు. అప్పటికి నాకు అక్షరాలు రావు. గడియారం చూడటం మాత్రం వచ్చు. బీడీలు చేసేదానికి అది రాకపోతే నడవదు, కార్ఖానాలో బీడీలు తీసుకునే వేళ దాటితే మళ్లీ మరునాడే. కాబట్టి నేను ఎనిమిదంటే ఎనిమిదే. ఆ వేళకు మా ఆయన అంకాపూర్ నుంచి మక్కసొప్ప బండి తోలుకొచ్చి ఇంటి ముందు ఆపాడు. మా తమ్ముడు అక్కడ మొక్కజొన్న కోసి కంకులు విరిచాక, పశువులకు ఉంచుకోగా మిగిలిన నాలుగు మోపుల సొప్ప అది.

నాకు పశువులు లేవు. సొప్ప తెప్పించింది చలికాలం కోసం.

ఆర్మూర్‌లో చలి దొంగలాగా రాదు, చెప్పే వస్తుంది. దసరా వెళ్లిన కొద్ది రోజులకే పొద్దున లేచి చూస్తే మంచులో గుట్ట మీది బండరాళ్లు సగమే కనబడతాయి. రోడ్డు మీద ఆరబోసిన మక్కల మీద తడి ఉంటుంది. ఇక అప్పటి నుంచి ఆడవాళ్లకు తీరిక ఉండదు. బొంతలు ఎండకు వేయాలి, చిరుగులు కుట్టాలి, పిడకలూ కట్టెలూ తడవని చోటికి చేర్చాలి, వానకు పెచ్చులూడిన గోడలకు మట్టి మెత్తాలి. ఆ ఏడు ఇవన్నీ నేను తొందరగానే ముగించాను. మిగిలింది మా అత్త ఊపిరి సంగతి.

అత్తకు దమ్ము, అదే ఉబ్బసం. చిన్నప్పటి నుంచి బీడీలు చేసిన మనిషి. ఎండాకాలం, వానాకాలం ఎట్లాగో నెట్టుకొచ్చేది. చలికాలమే ఆమె పాలిటి గండం. ఎందుకో చెబుతాను. తునికాకును నానబెట్టి, మెత్తగా ఉన్నప్పుడే కత్తిరించి చుట్టాలి. చలికాలపు ఉత్తరం గాలి తగిలితే ఆకు ఎండి పెళుసైపోతుంది, చుడితే చిట్లుతుంది. అందుకని చలి మొదలైతే వాడకట్టు ఆడవాళ్లం ఎవరో ఒకరి ఇంట్లో తలుపు బిగించుకుని కూర్చుంటాం. మా ముందరి అర్ర పెద్దది, అందరూ మా ఇంటికే వచ్చేవాళ్లు. అత్త మంచం ఆ అర్రలోనే. తలుపు మూసిన అర్రలో నలుగురు చాటలు ఒళ్లో పెట్టుకుని తంబాకు కదిలిస్తే ఆ దుమ్ము ఎక్కడికి పోతుంది? ఆమె ముక్కులోకే పోతుంది.

అంతకు ముందటి చలికాలం ఆమె నడుము వాల్చలేదు. దిండ్లు ఒళ్లో పెట్టుకుని, వాటి మీదికి వంగి కూర్చునే నిద్రపోయింది. అదీ నిద్ర అంటే. చివరికి దవాఖానలో పడేశాం. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంకో చలికాలం ఆ దుమ్ములో ఉంచితే ఈమెను మళ్లీ నా దగ్గరికి తెచ్చే పని ఉండదు అన్నాడు. అత్తకు ఆ మాట చెప్పలేదు. మా ఆయనకు చెబితే తల గోక్కున్నాడు. ఇక నేనే అనుకున్నాను, చలి ముదరక ముందే తంబాకు ఇంట్లోంచి బయటికి పోవాలని, సొప్పతో ఒక చాటు వేసుకుని బీడీలు అందులోనే చేయాలని.

బయట అంటే ఎక్కడ అన్నది ఆ రోజు పొద్దున మా ఇద్దరి పేచీ. మా ఆయన మార్కెట్లో పసుపు బస్తాలు మోసే హమాలీ. కొత్త పసుపు రావడానికి ఇంకా నెలలు పడుతుంది, చేతిలో పని తక్కువ. బండి మీదే నిలబడి అన్నాడు:

"ముందట ఏద్దం. రోడ్డు కనవడ్తది, మీకు పొద్దు పోతది."

"ముందటేస్తె ఉత్తరం గాలి సక్కగ మొకం మీదనే కొడ్తది. ఎనుక ఎయ్యి."

"ఎనుక నువ్వు బోళ్లు తోముకునే జాగ గాదె?"

"ముందటికొచ్చి తోముకుంట. నీకు సిగ్గయితె కండ్లు మూస్కో."

ఆయన నవ్వి సొప్ప దించడం మొదలుపెట్టాడు. మాది ఉత్తరం వాకిలి ఇల్లు. వెనక కూర్చుంటే ఇల్లే గాలికి అడ్డం. చలికాలం పొద్దు దక్షిణానికి ఒరుగుతుంది కాబట్టి వెనక గోడకు పొద్దున నుంచి సాయంత్రం దాకా ఎండ. తూర్పుకు ఒక తడక, పడమరకు ఒక తడక, పైన ఇంత సొప్ప. దక్షిణం వైపు ఖాళీగా వదిలేస్తే దుమ్ము దాని దారిన అది పోతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, కళ్లు ఉన్నాయి కాబట్టి తెలిసింది.

తడకకు మెత్తడానికి పెండ కావాలి. గల్లీ చివర పాలామె కొట్టం వెనక తట్ట నిండా ఎత్తుకుని వస్తున్నాను. అదే పాలామె నెత్తి మీద మక్కసొప్ప మోపుతో నాకు ఎదురైంది. నేను ఆగాను.

"ఎక్కడిదక్కా ఆ సొప్ప?"

"మీ ఇంట్లదే. మీ అత్తనే తీస్కపొమ్మన్నది. బర్రెలకు ఏస్కో, మాకు పశువుల్లేవు, ఊకెనే కుల్లిపోతది అన్నది. ఇది రెండో మోపు."

"మొదటిది?"

"తింటున్నయి."

ఇంటికి వచ్చేసరికి వెనక జాగాలో సగం సొప్ప లేదు. మా ఆయన వెదురు బొంగుల కోసం పోయినట్టున్నాడు. అత్త తన మంచం మీద గోడకు ఆనుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. నేను చేతులు కూడా కడుక్కోలేదు.

"సొప్ప ఎందుకిచ్చినవ్ అత్తా?"

"పుణ్యం కోసం."

"నీ పుణ్యం పాడుగాను. అది నీ కోసమే తెప్పిచ్చిన."

"నా కోసమా? నన్ను ఒక్క మాట అడిగినవా?"

అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు. ఆ సంగతే ముఖాన చెప్పాను. డాక్టరు అన్న మాట కూడా చెప్పేశాను, ఇక దాచి లాభం లేదని. ఆమె గోడను వదిలి ముందుకు వంగింది. ఊపిరి తీస్తే లోపల పిల్లి గురక పెట్టినట్టు చప్పుడు. అప్పటికే మొదలైంది.

"అంటె మీరంత ఎనుక కూసోని ముచ్చట వెట్టుకుంటరు. నేను గీ అర్రల గోడలు సూస్కుంట ఊపిరి పీల్సుకోవాలె."

"ఆ. పీల్సుకోవాలె."

"గసుంటి ఊపిరి నాకొద్దు. దుమ్ము అయితె దుమ్మాయె, నలుగురు మనుషులు నా కండ్ల ముందట ఉంటరు."

అప్పుడే పక్కింటి ఆపా చాట చంకన పెట్టుకుని గడపలో నిలబడింది. రోజూ ఆ వేళకు వచ్చి మాతో కూర్చుని బీడీలు చేసేది. ఉర్దూ ఇంట్లో, తెలుగు మా ఇంట్లో. నా పెండ చేతులు చూసి, అత్త మొహం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"క్యా అమ్మా, పొద్దుగాల్నే లడాయా?"

"నీ దోస్తు నన్ను జేల్ల ఏస్తదట ఆపా. నా చేతులు జూడు. పుట్టినప్పటి సంది పనే ఎరుక వీటికి. ఇగ వీటిని ఏం జేస్కోవాలె, ఒళ్లె వెట్టుకొని జోల పాడాల్నా?"

ఆ మాట నాకు తగిలింది. గాలి గురించి ఆలోచించాను, ఎండ గురించి ఆలోచించాను, ఆమె చేతుల గురించి ఆలోచించలేదు. దమ్ము ఎక్కువైనప్పటి నుంచి చాట ఆమె ఒళ్లోంచి నేనే తీసేశాను. తీసినందుకు ఇప్పటికీ బాధ లేదు. కాని బీడీ పనిలో తంబాకు ఒక్కటే కాదు కదా. దానికంటే ముందు ఆకు ఉంది. తడి ఆకు మీద రేకు ముక్క పెట్టి, దాని కొలతకు కత్తెరతో కత్తిరించాలి. తడి ఆకుకు దుమ్ము ఉండదు.

చేతులు కడుక్కుని వచ్చి, కత్తెర, రేకు, తడిగుడ్డలో చుట్టిన ఆకు కట్ట తెచ్చి ఆమె ఒళ్లో పడేశాను.

"తంబాకు ముట్టొద్దు. నీ మంచం ఎనుక ఎండల ఏస్త, మాకు దూరంగ. అందరి ఆకు నువ్వే కత్తిరియ్యి."

"దూరమంటె ఎంత దూరం?"

"నువ్వు తిడితె మాకు వినవడేటంత."

ఆపా పకపకా నవ్వింది. అత్త నవ్వలేదు. కత్తెర వేళ్లకు పెట్టుకుని రెండు సార్లు ఆడించి చూసింది.

"అందరి ఆకు నేనే కత్తిరిస్తె నాకేంది లాభం?"

"చాయ్ పోస్తం అమ్మా, అల్లం దంచి," అంది ఆపా.

"రెండు సార్లు పొయ్యాలె," అంది అత్త. అంతే, ఒప్పుకున్నట్టు.

ఇక సొప్ప సంగతి. నేను గల్లీ చివరికి పోయి అడిగాను. ఇచ్చిన దాన్ని మళ్లీ అడుగుతారా అని పాలామె కొట్టం గుమ్మంలోనే నిలబడింది. రెండో మోపు కూడా అప్పటికే బర్రెల ముందు పడింది. ఉన్న సొప్పతో తూర్పు తడక, పైకప్పు అయ్యాయి. పడమరకు ఏమీ మిగల్లేదు. మా ఆయన సాయంత్రం మార్కెట్ నుంచి చిరిగిన పసుపు గోనెలు తెచ్చాడు. నేను వాటిని బొంత సూదితో ఒకదానికొకటి కుట్టి వేలాడదీశాను. సొప్ప కంటే అవే మేలయ్యాయి. మధ్యాహ్నం వాటి మీద నీళ్లు చల్లితే వచ్చే గాలి చెమ్మగా వచ్చి ఆకు మెత్తగా ఉండేది. సాయంత్రపు ఎండ వాటిలోంచి పడితే అందరి ముఖాలూ పచ్చగా కనబడేవి. పెళ్లికూతుళ్లను చేశావు మమ్మల్ని అని ఆపా ఎగతాళి చేసేది.

మొదటి వారం అత్త ఆకు మస్తుగా పాడు చేసింది. పాడు చేస్తున్నావని చెప్పాను. రేకు వంకర పోయిందని నన్నే తిట్టింది. కార్తీక పున్నమి నాటికి చేయి కుదిరింది. మంచం మీద కాళ్లు చాపుకుని, వీపు ఎండకు పెట్టి, ఎవరి బీడీ లావుగా ఉందో, ఎవరి నోరు పనికంటే ఎక్కువ ఆడుతోందో అక్కడి నుంచే కేకేసి చెప్పేది. ముందరి అర్రలో తంబాకు గింజంత కూడా లేకుండా ఊడ్చి, రెండు సార్లు అలికాను. రాత్రి ఆమె పడుకోవడానికి తప్ప ఆ అర్ర తలుపు మూయలేదు.

చలి బాగా ముదిరిన రోజుల్లో ఒక పొద్దున, పొయ్యి రాజేసి ఆమెను లేపడానికి పోయాను. పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, బొంత చెవుల దాకా లాక్కుని పడుకుని ఉంది. పడుకుని. గుర్రు పెడుతోంది. తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చాను. ఆ చలికాలం దవాఖాన ముఖం చూడలేదు. ఆమె పోయింది చాలా ఏళ్ల తర్వాత, ఎండాకాలంలో.

ఆ తర్వాత వాడకట్టులో పెద్దవాళ్లకు రాత్రి బడి పెడితే పోయి చదువు నేర్చుకున్నాను, కాబట్టి ఇది నా చేత్తోనే రాస్తున్నాను. ఆ బుధవారం అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు: బండి తోలుకొచ్చిన మా ఆయన, సొప్ప మోపెత్తుకున్న పాలామె, చాట చంకన పెట్టుకున్న పక్కింటి ఆపా, మంచం మీద మా అత్త, చేతుల నిండా పెండతో నేను.