మహాలక్ష్మమ్మగారి ముసుగు

కొబ్బరికాయల దుకాణం ముందు నిలబడితే రెండు కాయలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూడడం నాకు అలవాటు. టంగుమని మోగగానే నా కళ్ళు పక్కకు తిరగబోతాయి, ఎవరి మొహంలోనైనా జవాబు దొరుకుతుందేమోనని. ఇన్నేళ్ళయినా వాటిని బలవంతాన వెనక్కి తెచ్చుకోవలసి వస్తోంది. ఈ అవస్థ నాకు మహాలక్ష్మమ్మగారు పెట్టినది.

స్వరాజ్యం వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, కొత్తపేట దగ్గర కాలవగట్టున ఆవిడ కొబ్బరి కొట్లో పనికి కుదిరాను. ఊళ్ళో మాత్రం సలహాలివ్వడానికి వెళుతున్నానని చెప్పాను. మాది దివాణం. అప్పటికి అందులో మిగిలినవి వీధి గుమ్మం, తాతలనాటి పల్లకీ, ఎవరి ముందూ వంగని మా వెన్నెముకలు. గోనెసంచుల మీద కూర్చోవడం మా వంశంలో లేదు కనుక ఇంటి నుంచి కుర్చీ తెచ్చుకున్నాను. దానికి ఒక కాలు పొట్టి. మహాలక్ష్మమ్మగారు ఆ కాలి కింద ఒక కొబ్బరి చిప్ప పెట్టించారు.

భర్త పోయాక వ్యాపారం ఆవిడే నడిపేవారు. కాయను కంటితో చూసేవారు కాదు, చెవితో వినేవారు. మంచివి పడవలోకి, కుళ్ళినవి పక్కకి. ఆ పని నాకూ అప్పగించారు. నేను కాయలు కొట్టి ఆవిడ మొహం చూసేవాణ్ణి. కుళ్ళు కాయైతే ఆవిడ కనుబొమ్మ కాస్త లేచేది. ఆ కనుబొమ్మ పుణ్యాన రెండు నెలలు ఒక్క తప్పూ చేయలేదు. పనివాళ్ళు నా చెవి గురించి గొప్పగా చెప్పుకునేవారు కూడా.

ఒకరోజు ఆవిడ కనిపెట్టేశారు. "కాయ నా మొహంలో లేదండి బాబుగారూ, మీ చేతిలో ఉంది" అన్నారు. అప్పటి నుంచి నేను కాయ ఎత్తితే చాలు, కొంగు గడ్డం దాకా లాక్కునేవారు. ఆ పూట పడవలోకి అరబుట్ట కుళ్ళు కాయలు పంపాను.

"ఆయ్, కుళ్ళినవేనండి" అన్నారు ముసుగులోంచి. "అయితేనేం, మీ చెవితో విన్నారు. రేపు ఇంకొంచెం బాగా వింటారు."

ఆ వేసవిలో, కొట్లో కాయలు వలిచే సూరయ్య వచ్చి నా కుర్చీ ముందు నిలబడ్డాడు. తలగుడ్డ చేతిలో నలుగుతోంది.

"మా మంగకి పెళ్ళండి. ఊరేగింపుకి దివాణం పల్లకీ ఇప్పిస్తారేమోనని..." వెంటనే మళ్ళీ తనే అందుకున్నాడు. "కాదన్నా ఫరవాలేదండి. నాన్న అడగనైనా అడగలేదని మాత్రం అది అనుకోకూడదండి."

వాళ్ళ పేటవాళ్ళు పెద్దవీధిలో చెప్పులు తొడుక్కుని నడిస్తేనే తప్పుపట్టే రోజులవి. చూద్దాం అన్నాను. మూడు తరాలుగా మా ఆస్తి పోగొట్టిన మాట అదే.

ఊరంతా సలహా అడిగాను. పల్లకీ ఇస్తే పితృదేవతలు పిండం ముట్టరన్నారు పెదనాన్నగారు. పురోహితుడు పంచాంగం తిరగేసి, పల్లకీ ఎరువివ్వడానికి ఆ నెలలో ముహూర్తమే లేదన్నారు. అమ్మ, నాన్నగారి ఫొటో ముందు చీట్లు వేయమంది. వేస్తే 'ఇవ్వు' అని వచ్చింది. నాన్నగారు సరిగ్గా వినలేదేమోనని మళ్ళీ వేశాను. 'ఇవ్వకు' అని వచ్చింది. బతికి ఉన్నప్పుడూ ఆయన అంతే.

చివరికి మహాలక్ష్మమ్మగారి దగ్గరకు వెళ్ళాను. "మీరేమంటారండీ?"

ఆవిడ ఒక్క క్షణం నావైపు చూసి, కొంగు గడ్డం దాకా లాక్కున్నారు.

ఆ ముసుగు ఎదురుగా చాలాసేపు కూర్చున్నాను. ఇవ్వనని మనసులో అనుకుని చూశాను. డొల్లగా వినిపించింది, అదీ పెదనాన్నగారి గొంతుతో. ఇస్తానని అనుకుంటే భయం వేసింది కానీ ఆ గొంతు నాదే. లేచి సూరయ్య దగ్గరికి వెళ్ళి, పల్లకీ తీసుకెళ్ళమని, దుమ్ము మాత్రం వాళ్ళే దులుపుకోవాలని చెప్పాను. సూరయ్య "ఆయ్" అని మొహం అటు తిప్పుకున్నాడు. చాలాసేపు ఇటు తిరగలేదు.

పెళ్ళినాటి సాయంత్రం మా బోయీలు నలుగురికీ ఒక్కసారే జ్వరం వచ్చింది. అంతకు ముందే పెదనాన్నగారు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పలకరించి వచ్చారట. కొట్లో పనివాళ్ళు ముగ్గురు భుజం పట్టారు. నాలుగో భుజం దొరకలేదు. వెనక బొంగు కింద నేను దూరాను. వాళ్ళు పొట్టివాళ్ళు, నేను పొడుగు, పైగా మా వెన్నెముక. పల్లకీ ముందుకు ఒరిగి పెళ్ళికూతురు జారడం మొదలుపెట్టింది.

"కొంచెం వంగండి బాబుగారూ" అంది మంగ లోపలినుంచి. "లేదంటే దిగి నడుస్తానండి, తొందరగా వెళతాం."

మా వంశంలో మొదటిసారిగా వంగాను. పల్లకీ సరిగ్గా నిలిచింది. పెద్దవీధి పొడుగునా మంగ తెర పక్కకు తీసి, రెండు వైపులా అరుగుల మీద ఉన్నవాళ్ళను తీరిగ్గా చూస్తూ వెళ్ళిందని తర్వాత సూరయ్య చెప్పాడు. నాకు కనిపించింది రోడ్డు మాత్రమే.

వీధి దాటి కాలవగట్టు ఎక్కాం. కొట్టు గుమ్మంలో మహాలక్ష్మమ్మగారు నిలబడి ఉన్నారు. అలవాటు చొప్పున తలెత్తి ఆవిడ మొహం వైపు చూశాను. ఆవిడ చటుక్కున కొంగు లాక్కున్నారు. లాక్కున్నాక కూడా ఆ కొంగు కదులుతూనే ఉంది. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో అప్పుడూ తెలియలేదు, తర్వాత అడగనూ లేదు.

పెదనాన్నగారు ఏడాది పాటు మా గడప తొక్కలేదు. అమ్మకు కాఫీపొడి కలిసొచ్చింది.

నిన్న దుకాణంలో నేను కాయ ఎంచుకుంటే, అది వద్దండి ఇది తీసుకోండి అన్నాడు దుకాణదారు. నాదే తీసుకున్నాను. ఇంటికి వచ్చి కొడితే కుళ్ళిపోయి ఉంది. ఫరవాలేదు, నా చెవితో విన్నాను. రేపు ఇంకొంచెం బాగా వింటాను.