దేవవ్వ ఇంటికి మేం తగిలించిన బోర్డు

కొత్త జిల్లాలు ఏర్పడిన రెండేళ్లకు నన్ను శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా ఒక పురపాలక సంఘానికి బదిలీ చేశారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు చోట్లా పనిచేశాను కనుక ఇది ఏ ఊరని అడగవద్దు. నేను చెప్పబోయే ఫైలులో సంతకాలు చేసినవాళ్లు కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు. హోదా శానిటరీదే అయినా, చెత్తబండ్లతో పాటు ట్రేడ్ లైసెన్సులూ మా నెత్తినే ఉండేవి. ఊళ్లో ఎవరు ఏ వ్యాపారం చేసినా ఏటా మా దగ్గర అనుమతి తీసుకోవాలి.

ఆ వేసవిలో పైనుంచి సర్క్యులర్ వచ్చింది. పట్టణంలోని మసాజ్ కేంద్రాలన్నింటినీ గుర్తించి, పదిహేను రోజుల్లో లైసెన్సు పరిధిలోకి తేవాలి. ఊళ్లో అలాంటిది ఒకటే ఉండేది, బస్టాండు ఎదుట రెండో అంతస్తులో, ఎర్ర పరదాల వెనుక. దాని పేరెత్తితే జనం గొంతు తగ్గించేవారు. నేను మెట్లెక్కేలోపే అక్కడ బోర్డు మారింది. 'ఆరోగ్య సలహా కేంద్రం' అన్న అక్షరాల రంగు ఇంకా ఆరలేదు. యజమాని ఒక కౌన్సిలర్‌కు బామ్మర్ది. సలహాలివ్వడానికి మీ లైసెన్సు అక్కరలేదని మర్యాదగా చెప్పి, చాయ్ తాగించి పంపాడు.

ఇక 'లేవు' అని రాసి పంపాలి. అలా పంపితే సరిగా వెతకలేదని మెమో వస్తుంది. రిటైర్మెంటు దగ్గరపడ్డవాడు మెమోకు ఎంత భయపడతాడో ఆ ఉద్యోగం చేసినవారికే తెలుస్తుంది. వెతికాను. దేవవ్వ దొరికింది.

దేవవ్వకు అరవై దాటి ఉంటాయి. బాలింతలున్న ఇళ్లకు పొద్దున్నే వెళ్లి, కాళ్లు చాపి కూర్చుని, పసిబిడ్డను కాళ్లమీద వేసుకుని నూనెతో మర్దన చేసి నీళ్లు పోస్తుంది. భర్త లేడు. రోజుకు నాలుగిళ్లు తిరిగితేనే ఆమె పొయ్యి వెలిగేది. రిపోర్టులో నేను 'మసాజ్ కేంద్రాలు: ఒకటి' అని రాశాను.

నోటీసు ఇస్తూ నిబంధనలు చదివి వినిపించాను. పద్దెనిమిదేళ్లు నిండనివారికి మర్దన నిషేధం. స్త్రీలు పురుషులకు చేయరాదు. ప్రతి కస్టమర్ సంతకమో వేలిముద్రో రిజిస్టరులో ఉండాలి. లైసెన్సు వచ్చేదాకా పని ఆపాలి. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"మరి మొగపిలగాడు పుడితె ఎవలు పొయ్యాలె సారు?"

నోటీసు అందినట్టు వేలిముద్ర వేయించుకుని వచ్చేశాను. పని ఆగింది. నాలుగో రోజున మనవళ్లను ఎత్తుకుని అమ్మమ్మలు, నానమ్మలు ఆఫీసు వరండాలో కూర్చున్నారు. పిల్లవాడికి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా నీళ్లు పోయకుండా ఉంచాలా అని ఒకావిడ కమిషనర్‌నే నిలదీసింది. ఆయన పరీక్ష రాసి కొత్తగా వచ్చిన అధికారి, తెలివైనవాడు. దేవవ్వ పేరు తొలగించాలంటే అసలెందుకు చేర్చామో పైకి సంజాయిషీ రాయాలి. అందుకని ఫైలు మీద నోట్ పెట్టారు: ఈ సందర్భంలో కస్టమర్ అనగా బిడ్డను అప్పగించిన అమ్మమ్మ లేదా నానమ్మ. వయసు సరిపోయింది, స్త్రీ కూడాను. శిక్షణ ఎక్కడ పొందారన్న గడిలో 'అత్తగారి వద్ద' అని నేను రాశాను. లైసెన్సు వచ్చింది. మేం ఒకరినొకరం మెచ్చుకున్నాం.

నిబంధనల ప్రకారం ఇంటి ముందు బోర్డు కూడా ఉండాలి. 'అనుమతి పొందిన మసాజ్ సెంటర్' అని పెద్ద అక్షరాలతో రాయించి మా సిబ్బందే తగిలించారు. నెల తిరక్కుండానే దేవవ్వ ఆఫీసుకు వచ్చి లైసెన్సు కాగితాన్ని నా బల్ల మీద పెట్టింది.

"గా బోర్డు పెట్టినకాడి నుంచి ఎవలెవలో బండ్ల మీద అచ్చి రేటెంత అని అడుగుతున్నరు సారు. కోడండ్లున్నోళ్లు నన్ను గడప తొక్కనిస్తలేరు. నాకు లైసెన్సు అద్దు, నా పని నాకియ్యుండ్రి."

ఆమె ముఖం చూడటానికి నాకు సిగ్గేసింది. లైసెన్సు రద్దు కావాలంటే వ్యాపారం మూసేశానని ఆమె రాసివ్వాలి. రాసిచ్చాక ఒక్క బిడ్డకు నీళ్లు పోసినా నేరమే. లైసెన్సును అలాగే ఉంచి, మర్నాడు నేనే వెళ్లి బోర్డు విప్పి, గాలికి పడిపోయిందని ఫైల్లో రాశాను. నేను రిటైరయ్యేదాకా ప్రతి తనిఖీలోనూ పై అధికారులు 'బోర్డు లేదు, వివరణ ఇవ్వగలరు' అని రాసేవారు, నేను గాలి గురించి వివరణ ఇచ్చేవాణ్ని. రెండో అంతస్తు ఊసు ఏ రిపోర్టులోనూ రాలేదు. అక్కడ సలహాలు యథావిధిగా సాగాయి.

తనిఖీకి బయలుదేరిన అధికారికి ముందుగా దొరికేది దాక్కోవలసిన అవసరం లేనివాళ్లే అని నాకు అప్పుడు అర్థమైంది. గడులు నింపడానికి వాళ్లు చాలా అనుకూలంగా ఉంటారు. నాకు మెమో వచ్చి ఉంటే సర్వీసు రిజిస్టరులో ఒక పేజీ ఖర్చయ్యేది, అంతే. దేవవ్వను వద్దన్న ఇళ్లు మాత్రం మళ్లీ పిలవలేదు. ఆ ఇళ్లలో పిల్లలకు పక్క ఊరి నుంచి ఇంకొకావిడ వచ్చి నీళ్లు పోసింది, లైసెన్సు లేకుండా.